ప్రహరీ మీద తోకల తగాదా

రాగిణి వాళ్ళ ఇంట్లో చేప వండరు. నాన్న లెక్కల మాస్టారు, అమ్మ సంగీతం చెబుతుంది. చేపకీ ఆ ఇంటికీ ఏనాడూ పని పడలేదు. పాలిటెక్నిక్ అయ్యాక ఆమె విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర దత్తాత్రేయ గారి ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరింది. నెమ్మదైన మనిషి. కంప్యూటర్లో ఒక బొమ్మ కుదిరిందంటే ఆ రోజు బస్సులో సీటు దొరక్కపోయినా బాధపడదు.

అలాంటి మనిషి దగ్గరికి కృత్తివెన్ను నుంచి చేపల వ్యాపారి నాగులు వచ్చాడు. కొత్తిల్లు కడుతున్నాడు. ప్రహరీ మీద ఇనప గ్రిల్లులో వరసగా చేపలుండాలన్నాడు.

రాగిణి ఒక చేప గీసింది.

"ఇది వంకాయండి," అన్నాడు నాగులు.

మర్నాడు బకెట్లో బతికున్న కొరమీను తెచ్చి ఆమె బల్ల పక్కన పెట్టాడు. దాన్ని చూసి గీస్తే చేప కుదిరింది. కానీ గోడ పొడవుకి సాగదీసేసరికి చేప కూడా సాగింది.

"ఇప్పుడు మలుగుపామైంది," అన్నాడాయన, బాధగానే.

రాగిణికి పట్టుదల వచ్చింది. సాగదీస్తే చేప పెరగకూడదు, చేపలు పెరగాలి. రెండు రోజులు కూర్చుని ఆ బొమ్మని బ్లాకుగా తయారుచేసింది. కొస పట్టుకుని లాగితే చాలు, ఒకటి వెనక ఒకటి అదే సైజులో, అదే ఎడంతో చేపలు వచ్చి నిలబడతాయి. వెనక్కి తోస్తే వెళ్ళిపోతాయి.

నాగులు మౌసు అడిగి తీసుకున్నాడు. లాగాడు, తోశాడు, మళ్ళీ లాగాడు. "వల లేకుండా ఇన్ని చేపలు నా జన్మలో చూళ్ళేదండి," అన్నాడు.

చిక్కల్లా చివర వచ్చింది. ఆఖరి చేప పట్టడానికి జానెడు గోడ తక్కువైంది.

"ఒక చేప తీసేసి, మిగతావాటి మధ్య ఎడం కొంచెం పెంచితే సరిపోతుంది నాగులు గారూ," అంది రాగిణి.

"పల్చగా కనపడితే మా చెరువులో చేపలు చచ్చినయ్యనుకుంటారండి."

ఆయన వెళ్ళి, తూర్పు పక్క స్థలంలో ఉంటున్న చిన్నమ్మ సన్యాసమ్మని జానెడు నేల అడిగాడు. ఆమె ఇచ్చింది. ఒకటే షరతు, చేపల తోకలు తన ఇంటి వైపు ఉండకూడదు. రాగిణి చేపలన్నిటినీ తూర్పుకి తిప్పింది. వెంటనే పడమటి పక్క నుంచి నాగులు బావమరిది దుర్గాప్రసాద్ ఫోను.

"మా వైపు తోకలు తిప్పారంటండీ. మేం ఏం తక్కువ చేశామని?"

సగం అటూ సగం ఇటూ చూసేటట్టు చేద్దామంది రాగిణి. నాగులు తల అడ్డంగా ఊపాడు. "అప్పుడు తోకలన్నీ గేటు కాడ కలుస్తయ్యి. ఇంటికొచ్చినోళ్ళకి తోకలు చూపియ్యమంటారా?"

ఇక మిగిలిన దారి ఒక్కటే. రాగిణి చేపని మధ్యకి కోసి, తల సగాన్ని అద్దంలో చూపినట్టు తిప్పి, రెండో పక్క అతికించింది. రెండు వైపులా తలే. తోక లేదు. లాగితే అలాంటివే వరసగా వచ్చాయి. దత్తాత్రేయ గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంతకం పెట్టారు. నాగులు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పూట రాగిణికి ఏం చేశానో అన్న భయం ఒకటి, కుదిరిందన్న సంతోషం ఒకటి.

గ్రిల్లు బిగించిన రోజు ఆమె కూడా వెళ్ళింది. దుర్గాప్రసాద్ తన వైపు నుంచి చూసి తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. సన్యాసమ్మ మాత్రం గోడ వెంట చివరిదాకా నడిచి వచ్చి, నాగుల్ని పక్కకి పిలిచింది.

"ఒక్కోదానికి రెండేసి నోళ్ళురా. మేతకి ఎట్టా తూగుతావు?"

"ఇనప చేపలకి మేతెందుకే చిన్నమ్మా," అని నవ్వేశాడు నాగులు.

సాయంత్రం రాగిణి విజయవాడ బస్సెక్కి కూర్చున్నాక ఆయన ఫోను చేశాడు. ఊరికే అడుగుతున్నానంటూనే, నోళ్ళు మూసుకుని ఉన్నట్టు మార్చడం ఇప్పుడు కుదురుద్దేమో కనుక్కున్నాడు.

"వెల్డింగ్ అయిపోయిందండి," అంది రాగిణి.

"సర్లెండి," అన్నాడాయన. "అయినా చిన్నమ్మ మాట తీసెయ్యలేమండి."