పేడ అలకని మూల

ఆ ఏడు మామిడి తోటలో కాపు అయిపోయి తొలకరి పడగానే ముసునూరులో మా ఇంటికి తిరిగొచ్చాం. తోటలో నాకు తోడున్న కుక్కా మా వెనకే వచ్చింది. మా ఆయన కాయల బండి తోలుకుపోతే, తోట పాకలో నేను ఒక్కదాన్నీ ధైర్యంగా ఉండగలిగింది దాన్ని నమ్ముకునే.

వచ్చిన రోజే అది నట్టింటి మూలన ఉచ్చ పోసింది. పక్కనే గడ్డిలో మాగేసిన రసాలు.

"వాటిని నోట్లో ఎలా పెట్టుకుంటామే?" అంది మా అత్త. "శుక్రవారం మైలవరం బండి వెళ్తుంది. దీన్ని ఎక్కించి అక్కడ వదిలేసి రమ్మంటాను."

ఇంకా ఆరు రోజులు. అప్పటికి నాకు అక్షరాలు రావు. తలుపు వెనక సున్నంతో ఆరు బొట్లు పెట్టుకుని రోజుకొకటి చెరిపేశాను.

పోసినప్పుడల్లా పేడతో అలికాను. శుద్ధి అంటే మాకు అదే. మర్నాడు మళ్ళీ అక్కడే పోసింది. మా ఆయన దాని మూతి ఆ తడిలో రుద్ది రెండు వేశాడు. దాంతో అది మా కళ్ళముందు మానేసి, వడ్ల బస్తాల చాటుకి వెళ్ళి పోసింది.

నాకు కాలు నిలిచేది కాదు. అది లేస్తే లేచేదాన్ని. అన్నం సగంలో వదిలి ఎంగిలి చేత్తో దాని వెంట పరిగెత్తేదాన్ని.

పొరుగింటి పెద్దమ్మ గొడ్ల మధ్యే బతికిన మనిషి. నా అవస్థ చూసి నవ్వింది.

"తోటలో అది ఎక్కడ పోసేదే పిల్లా?"

"గొడ్లు కట్టేసే చోట."

"మరి నట్టింట్లో రోజూ ఆ వాసనే పెడుతున్నావు కదే. దాని లెక్కలో అదే గొడ్ల సావిడి. మట్టి తాగేసిన ఉచ్చ మీద పేడ రాస్తే పోద్దా?"

మా అత్త పొలం వెళ్ళగానే ఆ మూలా, బస్తాల వెనకా జానెడు లోతు తవ్విపోశాను. కొత్త మట్టి వేసి కొట్టి, ఉత్త ఎర్రమట్టి నీళ్ళతో అలికాను. గడ్డినీ పళ్ళనీ అవతలి గోడకి జరిపాను.

"కుక్కకి బుద్ధి చెప్పమంటే నేలకి చెప్తున్నావా?" అంది అత్త వస్తూనే. "పేడ తగలని ఇల్లు ఇల్లేనా?"

"ఆ మూల ఒక్కటీ శుక్రవారం దాకా నాకొదిలెయ్యండి అత్తయ్యా."

ఆవిడ పేడ తట్ట తీసి దొడ్లో పెట్టింది. కుక్క నిద్ర లేవగానే, తిన్న వెంటనే తాడు పట్టి కంచె దగ్గరకి తీసుకెళ్ళేదాన్ని. వానొస్తే గోనె కప్పుకుని నిలబడేదాన్ని. అక్కడ పోస్తే వీపు నిమిరి ముద్ద పెట్టేదాన్ని. బుధవారం ఒక్కసారి తప్పి లోపలే పోసింది. గురువారం ఇల్లు పొడిగా ఉంది.

శుక్రవారం పొద్దున బండి వాకిట్లో ఆగింది. అప్పుడే కుక్క లేచి మూలకి నడిచింది. నేల వాసన చూసింది. అది వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరకొచ్చి మూలిగింది. తలుపు తీశాను. కంచె దాకా పరిగెత్తింది.

"నువ్వు వెళ్ళవయ్యా, మా సరుకేం లేదు," అంది అత్త బండివాడితో.

ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు, పొలం నుంచి రాగానే ముందు ఆ మూల అరచేత్తో తడిమేదాన్ని. పొడిగా తగిలినా మళ్ళీ తడిమేదాన్ని.