పెట్టె భద్రంగానే వచ్చింది

వేటకని దక్షిణాఫ్రికా పోయేముందు మిర్యాలగూడ వియ్యంకుడు నాకు పెట్టె సంగతి గట్టిగా చెప్పాడు.

"బావా, కత్తి చేతిల పట్టుకొని విమానం ఎక్కనియ్యరు. కింద సామానులనే ఎయ్యాలె. గాడ దొంగలుంటరు. తాళమెయ్యి, పైన ప్లాస్టిక్ చుట్టించు."

ఆ కత్తి మా నాయనది. నడిగూడెం చేలల్లో పడ్డ అడవిపందులను దానితోనే కోసేవాడు. ఆయన గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. అందుకే పెట్టెకు తాళం వేసి, తాడు కట్టి, యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో నా పేరు పెద్దగా రాశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఎవడూ ముట్టలేదు.

సూర్యాపేటలో ఇంటికి చేరగానే చుట్టాలంతా పెట్టె చుట్టూ కూర్చున్నారు. దేశం దాటి వచ్చినవాడు అందరి ముందే పెట్టె విప్పాలి, మా దగ్గర అదొక మర్యాద. తాళం నేనే తీశాను. చాక్లెట్లు, టోపీలు, టార్చిలైట్లు తలా ఒకటి పట్టుకుపోయారు. వాళ్లు పోయాక చూస్తే కత్తి లేదు. అడిగితే అందరూ అలిగారు.

మొన్న కోదాడలో అక్క కొడుకు విందుకని యాటపోతును కోస్తుంటే ఆ కత్తి వాడి చేతిలో కనిపించింది.

"ఇదెక్కడిదిరా?"

"నువ్వు తెచ్చిందే కదా మామా. ఫారిన్ కత్తి, మంచి పదునుంది."

"అది మీ తాతదిరా."

"అట్లయితే మా అమ్మకూ వాటా ఉన్నట్టే కదా," అన్నాడు. పక్కనే ఉన్న అక్క నవ్వింది.

కడిగి ఇమ్మన్నాను. యాట సగమే అయింది, అయినాక చూద్దామన్నాడు. నేను అన్నం తినకుండానే బస్సెక్కాను. కత్తి ఇప్పటికీ కోదాడలోనే ఉంది.