శివారు వంతు

కోవిడ్ తగ్గి బళ్ళు తెరిచిన ఆ చలికాలంలో నాకు తిక్క రేగినంత ఇంకెప్పుడూ రేగలేదు. అప్పుడు నేను దివిసీమలో ఒక ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. చల్లపల్లి నుంచి స్కూటీ మీద వెళ్ళొచ్చేదాన్ని. బెంచీకి ఒక్కరే కూర్చోవాలి గనక పిల్లల్ని సగం సగం చేసి రోజు విడిచి రోజు రమ్మన్నారు. ఇంట్లో ఉన్న రోజు పాఠం ఫోన్లో వినాలి.

మా హెడ్‌మాస్టారు గొడవలకు ఆమడ దూరం. "సరి నంబర్లు ఒక రోజు, బేసి నంబర్లు ఒక రోజు. ఎవరూ మనల్ని వేలెత్తి చూపలేరండీ," అన్నారు. చూపలేరు సరే, మరి న్యాయమో? నాకు ఒళ్ళు మండింది.

సముద్రం ఒడ్డు పాలెం నుంచి ఒకమ్మాయి వచ్చేది. తండ్రి వేటకెళ్తాడు, తల్లి రొయ్యల షెడ్డులో పొట్టు వలుస్తుంది. ఇంట్లో ఉన్నది మాట్లాడుకోవడానికి పనికొచ్చే చిన్న ఫోనే. నేను బోర్డు మీద లెక్క తప్పితే "టీచర్, మైనస్ పోయింది!" అని వెనక బెంచీ నుంచి అరిచే గడుగ్గాయి. బడి తెరిచిన కొత్తల్లోనే వాళ్ళమ్మ వచ్చింది. "బడి లేని రోజు ఇంట్లో ఒక్కతీ ఏం చేస్తాదండీ, నాతో షెడ్డుకి తీసుకెళ్తానండీ," అంది. నా గుండెల్లో రాయి పడింది. షెడ్డుకి అలవాటు పడ్డ పిల్లలెవరూ మళ్ళీ బడి మొహం చూడలేదు.

"ఫోన్ లేని పిల్లలు రోజూ రావాలి. మిగిలిన బెంచీలు ఫోన్ ఉన్నవాళ్ళు వంతులేసుకోవాలి," అన్నాను హెడ్‌మాస్టారితో. ఆయన తల పట్టుకున్నారు. తల్లిదండ్రుల్ని ఒప్పించే పూచీ నా మీదే పెట్టారు.

వరండాలో మీటింగ్ పెట్టాం. పేరెంట్స్ కమిటీ చైర్మన్ ఒక రైతు. వాళ్ళబ్బాయి నా క్లాసే. విషయం వినీ వినగానే ఆయన లేచాడు.

"అంటే మావాడు వచ్చే రోజులు ఇంకా తగ్గుతాయన్నమాట! ఫోన్ కొనడం మా తప్పాండీ? అందరికీ సమానంగా ఉండాలండీ!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా వంత పాడారు. స్తంభం పక్కన నిలబడ్డ పాలెం తల్లి తల దించుకుని, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగబోయింది. ఇక ఆగలేకపోయాను.

"ఆగమ్మా, ఎక్కడికి! బాబాయ్‌గారూ, ఒక్క మాట చెప్పండి. కాలవలో నీళ్ళు చాలనప్పుడు వంతులు పెడతారు కదా, ముందు ఎవరికి వదలాలి?"

"శివారుకండీ!" అన్నాడు చైర్మన్ తడుముకోకుండా. ఆయన పొలం కాలవ చిట్టచివరే. "లాకుల దగ్గరోళ్ళకేమండీ, కాలవలో కాస్త తడున్నా ఇంజను పెట్టి తోడుకుంటారు. వంతు తప్పితే మాకు చుక్క ఎక్కడిదండీ?"

"ఎగువ రైతులకి కోపం రాదా?"

"వస్తే రానివ్వండి! మొన్న నారుమళ్ళప్పుడు ఇరిగేషన్ ఆఫీసు ముందు కూర్చున్నది దేనికనుకున్నారు?"

"నేనూ అందుకే కూర్చున్నానిక్కడ. ఫోనే మీ ఇంజను. మీవాడు ఇంట్లో ఉన్నా నాలుగు ముక్కలు తోడుకుంటాడు. ఈ పిల్ల శివారు. బడి వంతు తప్పితే దీనికి చుక్క ఎక్కడిదండీ?"

ఆయన పెద్దగా నవ్వేశాడు. "ఓర్నాయనో! నా నోటితోనే చెప్పించారు కదండీ మేడమ్‌గారూ!" అని జనం వైపు తిరిగాడు. "ముందు శివారుకి వదిలెయ్యండి. కాదన్నోడు రేపు కాలవ గట్టు మీద నాకు కనపడొద్దు!"

మా హెడ్‌మాస్టారు చప్పట్లు కొట్టేశారు. ఆ తల్లి కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది. ఆ సాయంత్రం చల్లపల్లి దాకా స్కూటీ మీద పాటలు పాడుకుంటూ వెళ్ళాను, ఎవరేమనుకుంటే నాకేం!

మర్నాడు ఆ పిల్ల అలవాటుగా వెనక బెంచీకి నడిచింది. చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు కూర్చోబెట్టాను. ఆ ఏడంతా ఒక్క రోజూ మానలేదు. మరుసటి ఏడు పదో తరగతిలో స్కూలుకి ఫస్టొచ్చింది. కాలేజీలో చేరుస్తున్నానని చెప్పడానికి వాళ్ళమ్మ షెడ్డు మానుకుని మరీ వచ్చింది.

రిజల్ట్ వచ్చిన రోజు చైర్మన్‌గారు బడి ముందు బండాపి రోడ్డు మీద నుంచే కేకేశాడు.

"మేడమ్‌గారోయ్! శివారు పండిందండోయ్!"

"మరి ఎగువ పొలం ఎండలేదు కదండీ?"

"ఎక్కడండీ, మావాడూ పాసే!"