బంజరు అని కొట్టిన బీల

మొన్న టెక్కలి చేపల బజారులో, వానలు పడ్డాయి కదా అని పాత అలవాటు కొద్దీ బీల మట్టగిడసలున్నాయా అని అడిగితే, గంప ముందు కూర్చున్నావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏ బీలమ్మా? అది రొయ్యల సెరువులైపోయి ఎన్నేళ్లయినాది!" అని నవ్వింది. ఆవిడ నవ్వులో తప్పేమీ లేదు గాని, నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ బీల ఎలా పోయిందో ఆవిడకన్నా నాకే బాగా తెలుసు.

బీలంటే మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. భావనపాడు వెళ్లే దారిలో, మా ఊరికీ సముద్రానికీ నడుమ, గెడ్డ, అంటే మా వాగు, పొంగినప్పుడల్లా నీళ్లు వచ్చి పరుచుకునే పల్లపు నేల అది. వరద నీరు అక్కడ కొన్నాళ్లు నిలిచి మెల్లగా సముద్రంలోకి జారిపోయేది కాబట్టి, ఎంత కుండపోతగా కురిసినా ఊళ్లోకి చుక్క వచ్చేది కాదు. నీళ్లున్నన్నాళ్లూ చేపలు, నీళ్లు తీశాక తుంగ, ఆ తర్వాత పశువులకు గడ్డి. మా అమ్మ ఆ తుంగతో చాపలల్లి అమ్మేది. ఏటా మొదటి చాప మాత్రం కోతల పండుగ నాడు మా బాప్టిస్టు చర్చిలో కానుకగా పరిచేది. అక్క చాప మీద కూర్చుంటే ప్రసంగం ఎంత సాగినా నడుం నొప్పి రాదని మావయ్య వేళాకోళమాడేవాడు.

మావయ్యంటే అమ్మకు సొంత తమ్ముడు. నాన్న పోయాక మాకు అన్నీ ఆయనే. నన్ను సైకిలు మీద టెక్కలి తీసుకెళ్లి టైపు నేర్పించిందీ, అర్జీలు కొట్టే షాపులో పని ఇప్పించిందీ కూడా ఆయనే. తొంభైల చివర్లో, గెడ్డ సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడుకుపోతోంది, తీయించమని ఊరందరి పేరా అర్జీ పెట్టాలనుకున్నప్పుడు, ఆయన చెబుతుంటే నేను కొట్టాను. బీల అని కొట్టబోతే ఆపాడు. "బీలంటే పైనుంచొచ్చిన ఆఫీసర్లకి తెలీదమ్మా. పనికిరాని బంజరని కొట్టు. అప్పుడే జాలి పడతారు," అన్నాడు. చివర్లో, సదరు భూమిని తగిన ఉపయోగంలోకి తేవలసిందిగా కోరుతున్నాము అని ఇంకో వాక్యం కలిపించాడు. అది మర్యాదకు రాసే మాటనుకున్నాను. పైగా సర్కారు కాగితంలో మన ఊరి మాటేమిటి, నామోషీగా, అనుకునే వయసు నాది.

ఆదివారం ఆరాధన అయ్యాక, అమ్మ అల్లిన చాపల మీద అందరినీ కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను. ముసలమ్మలకు బంజరంటే అది మన బీలేనని ఏం తెలుస్తుందిలే అని, కాగితంలో పనికిరాని బంజరు అని ఉన్నచోటల్లా మన బీల అని చదివేశాను. చదివింది మన పిల్లే కదా అని ఎవరూ మారు మాట్లాడలేదు. ఒక్కొక్కరి బొటనవేలూ పట్టుకుని ఇంకు పెట్టెలో అద్ది వేలిముద్రలు వేయించింది కూడా నేనే. అందులో మా అమ్మదీ ఉంది.

పూడిక ఎవరూ తీయలేదు. మరుసటి వేసవికి పొక్లెయిన్లు మాత్రం వచ్చి బీల నిండా రొయ్యల చెరువులకు గట్లు పోశాయి. అడగడానికి ఆఫీసుకు వెళ్లినవాళ్లకు, పనికిరాదని మీరే రాసిచ్చారు కదా అని ఆ అర్జీయే చూపించారు. తిరిగొచ్చి చూస్తే, గట్టు మీద గొడుగు వేసుకుని మావయ్య నిలబడి ఉన్నాడు. చెరువుల్లో ఆయనకూ వాటా ఉందని అప్పటికి గాని మాకు తెలియలేదు. తుంగ కోసుకుందామని కొడవలితో వెళ్లిన అమ్మను కాపలావాడు అడ్డుకుంటే, తమ్ముడై ఉండి మొహం అటు తిప్పుకున్నాడు. పరాయివాడు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. నాకు పని నేర్పించినవాడే ఆ పనితో నా చేత ఊరి గొంతు కోయించాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆ యేటి వానలకు గెడ్డ నీళ్లు గట్లకు తగిలి ఊరి మీదికి తిరిగాయి. మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు, నానిపోయిన చాపల కట్టలు. బురద కడుగుతూ అమ్మ ఒక్కటే అడిగింది, "నువ్వు బీల అనే సదివినావు గదే?" అని. అమ్మ ఆ తర్వాత మళ్లీ అడగనూ లేదు, చాప అల్లనూ లేదు.

ఇప్పుడు చర్చిలో ప్లాస్టిక్ కుర్చీలు. మీటింగుల్లో అధికారులు చిత్తడి నేలలను కాపాడుకోవాలంటున్నారు, వింటున్నాను. రొయ్యలకు రోగాలొచ్చి చెరువులు ఏనాడో వదిలేశారు. చేపలు కొనకుండానే మొన్న బజారు నుంచి ఆటో ఎక్కి అటు వెళ్లి చూశాను. గట్లు కూలి, నేలంతా తెల్లగా ఉప్పు తేలి ఉంది, తుంగ పోచ కూడా మొలవలేదు. ఆ రోజు నేను కొట్టింది అబద్ధమే. ఇవాళ ఎవరైనా అర్జీ కొట్టమంటే, దాన్ని బంజరనే కొట్టాలి.