బోణీకి ముందు పిడికెడు మరమరాలు

అరుణాదేవికి కుళ్లు ఎక్కువ. ఈ మాట చేవెళ్ల బజారులో ఎవరూ ఆమె ముందు అనరు గానీ, ఆమెకు తెలియని సంగతేం కాదు. ఎదురింటి వాళ్లు కొత్త గేటు పెట్టిస్తే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. తోడికోడలు పట్టుచీర కట్టుకొస్తే అంచు పట్టుకు చూసి, "ఇది రంగు దిగుతది" అని ముందే చెప్పి, దిగేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంది. అలాంటి మనిషి చివరికి సొంత కోడలి వాంతులు చూసి కుళ్లుకుందంటే మాత్రం, ఆమెను బాగా ఎరిగినవాళ్లు కూడా నమ్మరు.

భర్త భద్రయ్యకు రోడ్డు మీద కిరాణా దుకాణం. ఇల్లు దుకాణం వెనకాలే, మధ్యన ఒక్క తలుపు. ఆ ఇంట్లో భద్రయ్య తల్లి పెట్టిపోయిన నియమం ఒకటుంది. షటరు లేపి, గల్లాపెట్టె ముందు దీపం వెలిగించి, బోణీ అయ్యేదాకా పెద్దవాళ్లెవరూ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. లక్ష్మి గడప తొక్కకముందే మనం కడుపు నింపుకుంటే ఆమె అలిగి వెనక్కి పోతుందట. కడుపుతో లేనివాళ్లకు అప్పట్లో అదేమంత కష్టం కాదు. తెల్లారీ తెల్లారకముందే పాలకో చాయ్‌పత్తికో ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఇప్పుడు రోడ్డుకు ఆ చివర అద్దాల సూపర్‌మార్కెట్ తెరిచారు. పాలు, చాయ్‌పత్తి అన్నీ అటే మళ్లాయి. భద్రయ్యకు బోణీ కావాలంటే ఒక్కోరోజు ఎండ మెట్లెక్కి రావాలి. నియమం మాత్రం అలాగే ఉంది.

కోడలు ఉషశ్రీది మొయినాబాద్. ఇప్పుడామెకు మూడో నెల. పొద్దున మంచం దిగితే వాంతి. పోపు వేస్తే వాంతి. దుకాణంలో ఎండుమిర్చి బస్తా విప్పితే, ఇంటి వెనక ఉన్న ఆ పిల్లకు వాంతి. ఏదో తిన్నాననిపించినా అది అరగదు, పుల్లటి తేన్పులు, గుండెలో మంట. కొడుకు ప్రణవ్ పెళ్లాన్ని మొయినాబాద్‌లో లేడీ డాక్టరుకు చూపించి తీసుకొచ్చాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర డాక్టరమ్మ చెప్పింది చెప్పాడు.

"కడుపు ఖాళీగుంటే వాంతులు ఇంకెక్కువైతయట. మంచం దిగకముందే పిడికెడు మరమరాలో, ఎండు రొట్టె ముక్కో నమలాల్నట. రోజంతా జర్ర జర్ర తినాలె గని ఒక్కసారే కంచం నిండ వద్దట. తినంగనె ఒరగొద్దు. అల్లం నీళ్లు గుక్కెడు గుక్కెడు తాగుమన్నది."

మంచం దిగకముందే. ఆ మాట దగ్గర అందరూ ఆగిపోయారు. నియమం భద్రయ్య తల్లిది, తీర్పు చెప్పాల్సింది భద్రయ్య. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, తలైనా ఎత్తకుండా, "పిల్లను తిననియ్యిండ్రి. బోణీ సంగతి నేను చూసుకుంట" అన్నాడు.

అరుణాదేవి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఇంత సులువా ఈ మాట అనడం?

ప్రణవ్ కడుపులో ఉన్నప్పుడు ఆమె ఇదే ఇంట్లో, పెరట్లో గిన్నెలు తోమే బండ దగ్గర కూర్చుని పచ్చటి పసరు కక్కేది. అత్తగారు వాకిట్లోంచి "మేం కనలేదా పిల్లలను?" అనేది. భద్రయ్య ఆమెను దాటుకుని తాళంచెవులు ఆడించుకుంటూ షటరు లేపడానికి పోయేవాడు. ఒక్కసారన్నా ఆగుతాడేమోనని ఆమె రోజూ ఆయన మొహం చూసేది. నోరు తెరిచి అడగలేదు, నిజమే. ఈ పిల్ల మాత్రం అడిగిందా? అడక్కుండానే అంతా ఒళ్లో పడింది. కడుపు మండిపోయింది అరుణాదేవికి. కోడలి గుండెమంటకు డాక్టరమ్మ అల్లం నీళ్లు చెప్పింది, అత్త మంటకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

మర్నాడు ప్రణవ్ చందనవెల్లిలో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లిపోగానే ఆమె కోడలి గదిలోకి వచ్చింది. ఉషశ్రీ మంచం మీదే మరమరాల డబ్బా మూత తీస్తోంది.

"మీ మామయ్యది మెత్తటి మనసు, అట్లనే అంటడు. రేపు దుకాణం నడవకపోతే అందరు ఎవరి పేరు చెప్తరనుకున్నవ్? నేను ఓర్చుకోలేదా? నాకేమైంది?"

ఉషశ్రీ మూత మళ్లీ బిగించింది. "సరే అత్తమ్మా" అంది.

అప్పటినుంచి ఆ పిల్ల బోణీ కోసం కాచుకుని కూర్చునేది. భద్రయ్య పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, "తిన్నవా బిడ్డా?" అని అడిగితే, "తిన్న మామయ్యా" అనేది. అలా అడగడం కూడా అరుణాదేవికి ముల్లులా గుచ్చుకునేది. ఆయన తనను ఆ మాట ఎన్నడైనా అడిగాడా?

ఒకరోజు బోణీ మరీ ఆలస్యమైంది. ఉషశ్రీ పెరట్లో అదే బండ దగ్గర, కక్కడానికి ఏమీ లేక ఎండు వాంతులు చేసుకుంటూ కళ్లు తిరిగి పడిపోయింది. ఆటో పిలిచి మొయినాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరమ్మ కసిరింది. "ఒంట్ల నీళ్లన్నీ ఎండిపోయినయి. ఇట్లనే ఉంటే లోపల బిడ్డకు గూడ కష్టం. పొద్దున ఏం తిన్నవమ్మా?"

ఉషశ్రీ అత్తవైపు ఒక్కసారి చూసి, "తినబుద్ధి కాలేదు మేడం" అంది.

లోపల బిడ్డకేమవుతుందోనని అరుణాదేవికి భయం పట్టుకుంది. అంత భయంలోనూ, చూడు, మంచిపేరు కూడా దీనికే దక్కింది అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతలో ఉషశ్రీ తల్లి సుగుణమ్మ ఉరుకులు పరుగుల మీద వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, వియ్యపురాలి వైపు తిరిగింది. "వదినా, ఏమనుకోకు. కాన్పు అయ్యేదాక పిల్లను నా దగ్గరనే ఉంచుకుంట. లోపల బిడ్డ దక్కాలె గదా."

కోడలు వెళ్లిపోతే మనవడో మనవరాలో కడుపులో కదిలిన రోజు కూడా తనకు ఎవరో ఫోన్ చేసి చెబితేనే తెలుస్తుంది. అరుణాదేవి నాలిక చివర లక్ష్మి, బోణీ, అత్తగారు అందరూ సిద్ధంగా ఉన్నారు. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"పిల్ల తప్పేం లేదు వదినా. నేనే తిననియ్యలే."

"అయ్యో, ఎందుకు?"

"నాకప్పుడు ఎవ్వరు పెట్టలే. దీనికి అందరు పెడ్తుంటే చూడలేకపోయిన."

సుగుణమ్మ కూతురి మొహంలోకి చూసింది. మంచం మీది నుంచి ఉషశ్రీయే నెమ్మదిగా అంది. "అమ్మా, ఇయ్యాల నేను అత్తమ్మ తోటే పోత. రేపు పొద్దుగాల తిన్నది ఇమడకపోతే, నువ్వే వచ్చి తీస్కపో."

తెల్లారకముందే అరుణాదేవి పొయ్యి వెలిగించింది. పోపు లేకుండా, నూనె చుక్క లేకుండా మరమరాలు వేయించి, చిటికెడు ఉప్పు చల్లి, చిన్న గిన్నెలో పోసుకుని కోడలి మంచం మీద కూర్చుంది.

"లేవకు. ఒక్కొక్కటే నములు. ఎవ్వరు ఉరికిస్తలేరు నిన్ను."

ఉషశ్రీ దిండుకు ఆనుకుని తిన్నది. ఒక తేన్పు వచ్చింది. అత్త గభాలున చెంబు అందుకుంది. ఇంకేమీ రాలేదు. పిల్ల మంచం దిగి, నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరిగి నవ్వింది. అల్లం నీళ్ల గ్లాసు చేతికిచ్చి అరుణాదేవి కూడా నవ్వింది. సంతోషమే, అబద్ధం కాదు. కుళ్లు ఎక్కడికో పోయిందంటే మాత్రం అబద్ధం. తన ముందు ఇలా గిన్నె పట్టుకుని ఎవరూ కూర్చోలేదన్న మాట మనసులో అలాగే ఉంది.

ఆమె తమ గదిలోకి వచ్చి మంచం మీద కూలబడింది. భద్రయ్య తాళంచెవులు తీసుకుంటూ, తలుపులోంచి అంతా చూసినట్టున్నాడు, "మంచి పని చేసినవ్ అరుణా. పాపం, పిల్ల ఎంత తిప్పలు పడ్డదో" అన్నాడు.

"ప్రణవ్ నా కడుపుల ఉన్నప్పుడు ఈ పాపం ఏడికి పోయింది?"

భద్రయ్య తెల్లబోయాడు. "అప్పుడు అమ్మ ఉండె గదనే" అన్నాడు.

"నేను గూడ ఉంటి గదా."

ఆయన తాళంచెవులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"పొయ్యి మీద ఇంకా మరమరాలున్నయి" అంది అరుణాదేవి. "నాకు గూడ పిడికెడు తెచ్చియ్యిండ్రి."

పెళ్లయినప్పటి నుంచి వంటింట్లో ఏది ఎక్కడ ఉంటుందో ఎరగని మనిషి. గిన్నెలు వెతుకుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. చివరికి రెండు చేతులా ఒక పళ్లెం పట్టుకొచ్చి భార్య ముందు పెట్టాడు. ఆమె మంచం దిగలేదు. ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, తొందర లేకుండా నమలసాగింది. బయట ఎవరో "సేటూ!" అంటూ షటరు మీద కొట్టారు. బోణీ బేరం. భద్రయ్య ఒక అడుగు అటు వేశాడు.

"ఆగుండ్రి" అంది అరుణాదేవి. "నేను తిన్నంక లేపుదురు గని."