ట్రాక్టర్ పందెం మీద ఎలీషా జోస్యం

చల్లపల్లి చుట్టుపక్కల ట్రాక్టర్ రివర్స్ పందెం మాట వస్తే జనం ముందు ఎలీషా వైపు చూస్తారు. వెనక ట్రక్కు తగిలించిన ట్రాక్టరును, సున్నంతో గీసిన మెలికల బాట దాటకుండా, తక్కువ సమయంలో వెనక్కి నడిపి చివరికి చేర్చడమే ఆ పందెం. వయసులో ఉండగా ఎలీషా అందులో వరసగా గెలిచాడు. నడుము పట్టేశాక స్టీరింగు వదిలేశాడు గానీ, ఎవరు గెలుస్తారో చెప్పడం మాత్రం మానలేదు. అతను చెప్పినట్టే చాలాసార్లు జరిగింది కూడా.

ఈసారి పందెం దగ్గర పడింది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక టీకొట్టు దగ్గర ఒకతను ఫోను ఎదురుగా పెట్టి వీడియో తీస్తూ, "ఈసారి ఎవరండీ, ఎలీషా గారూ?" అని అడిగాడు.

"మంగళగిరి రత్తయ్యండీ. నిదానస్తుడు, గీత తొక్కడు. కొండపల్లి పవన్‌కుమార్‌ది వేగం. తిన్నగా ఉన్నంతసేపూ అతన్ని పట్టుకోలేం, మలుపులోనే కంగారుపడతాడు. ఆ ఇద్దరి మధ్యే ఉంటది."

"మరి ఆమోసు గారమ్మాయి డయానా? పేరిచ్చింది కదా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడానికి సిద్ధంగా అతని మొహంలోకి చూశారు.

"ముందు ఆ పిల్లని గేటుకి తగలకుండా ట్రక్కు ఇంట్లోంచి బయటికి తియ్యమనండి," అన్నాడు ఎలీషా. టీకొట్టంతా గొల్లుమంది.

నిజానికి డయానా తోలకం అతను చూశాడు. కిందటి వారమే కాలవగట్టు మీద వస్తుంటే, కోత అయిన చేలో కర్రలు పాతి, వాటి మధ్యగా ఆమె ట్రక్కును వెనక్కి నడుపుతోంది. ట్రక్కు పక్కకు ఒరగబోతోందని చూసేవాడికి తెలిసేలోగానే స్టీరింగు సరిచేస్తోంది. ఎలీషా మోపెడ్ ఆపుకుని చాలాసేపు నిలబడ్డాడు. గెలిచిన రోజుల్లో కూడా తాను అంత శుభ్రంగా తోలలేదు. ఆమెను పలకరించకుండానే వెళ్లిపోయాడు.

ఆ వీడియో ఊళ్లన్నీ తిరిగింది. రెండు రోజుల తర్వాత మాణిక్యం అనే రైతు ఎదురుపడి మెచ్చుకోలుగా చెప్పాడు. "ధాన్యం తోలకం ఆ అమ్మాయికే ఇద్దామనుకున్నానండీ. మిల్లు దగ్గరంతా ఇరుకు సందు, రివర్స్ రాకపోతే కష్టం. మీ మాట విని వేరేవాళ్లకి చెప్పేశా."

ఆమోసుకి పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ ఇంటికి డయానా తోలే ట్రాక్టరే ఆధారం. ఎలీషాకి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి ఆ ఆమోసే.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాడు. ఆమోసు భార్య తెరేసమ్మ కుర్చీ వేసి, దూరంగా వెళ్లి కూర్చుంది. డయానా గడప దగ్గర కూర్చుని గ్రీజు అంటిన చేతులు తుడుచుకుంటోంది, తలెత్తలేదు. మంచం మీది నుంచి ఆమోసే పలకరించాడు. నాలుక తిరక్క ఒక్కో మాటా ఆగి ఆగి వస్తోంది.

"వీళ్లకి కోపం వచ్చిందిరా. నేనే సర్దిచెప్పా. ఎలీషా దాని తోలకం చూళ్లేదు... చూస్తే అట్టా అనేవాడు కాదని."

తప్పించుకునే దారి ఆమోసే చూపించాడు. 'అవునన్నా, చూళ్లేదు' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చూశానన్నా," అన్నాడు ఎలీషా తల వంచుకుని. "కాలవగట్టు మీద నిలబడి చూశా. నాకంటే బాగా తోలుతోంది. అందరూ నవ్వుతారని అట్టా అన్నా."

ఆమోసు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తెరేసమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

"నన్ను పొగడక్కర్లేదు బాబాయ్," అంది డయానా. "ఓడిపోతాననే చెప్పండి, కాదన్ను. కానీ చూసిందే చెప్పండి."

మర్నాడు ఎలీషా ఆ ఫోనతన్ని వెతికి పట్టుకుని, అదే టీకొట్టు దగ్గర మళ్లీ వీడియో తీయించాడు. "డయానా ఆ ఇద్దరితో సమానంగా నిలబడతది. మలుపుల్లో వాళ్లకంటే మేలు. ఇది తెలిసే మొన్న ఎగతాళి చేశాను. తప్పు నాదండీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇంట్లో చీవాట్లు పడ్డట్టున్నాయి," అని ఎవరో గొణిగారు. మొదటి వీడియో చూసినవాళ్లలో సగం మంది కూడా రెండోది చూడలేదు. మాణిక్యం ధాన్యం అప్పటికే వేరేవాళ్ల ట్రక్కులో మిల్లుకు చేరింది. తరవాత ఇంకో రైతు పద్మావతమ్మ గారు తన ధాన్యం డయానాకే అప్పగించారు. అయితే అది ఎలీషా మాట విని కాదు, నిరుడు ఆ పిల్ల పని చూసి.

పందెం వచ్చే శనివారం. మైకు ముందు కూర్చుని వ్యాఖ్యానం చెప్పమని నిర్వాహకులు అడిగితే ఎలీషా వద్దన్నాడు. ఆమోసు ఇంకా అతనితో మాట్లాడటం లేదు. వెళ్లి పలకరిస్తే కళ్లు మూసుకుంటాడు. దారిలో ఎవరైనా ఆపి, "ఎవరండీ ఈసారి?" అని అడిగితే, ఎలీషా మూడు పేర్లూ చెబుతాడు, డయానా పేరే ముందు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎదుటివాళ్ల కళ్లలోకి చూడలేకపోతున్నాడు.