చేతుల సబ్బు

మా బావ పోయాడు. దమ్ము ఎక్కువై, ఊపిరాడక దవాఖానలో చేర్చారట, చూడడానికి నేను బయలుదేరేలోపే అక్క కొడుకు పోయాడన్న మాట మోసుకొచ్చాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. సబ్బు బొమ్మ మీద మా ఇద్దరి తగువు తేలకముందే తన దారిన తను వెళ్ళిపోయాడు.

మా ఆయన నడుము దెబ్బతిని, బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నాక నేను బట్టల సబ్బు వండడం మొదలుపెట్టాను. గోదావరిఖనిలో ఏ ఇంట్లో చూసినా మసి పట్టిన డ్యూటీ బట్టలే కదా. సబ్బు నడిస్తే పిల్లలతో ఇక్కడే ఉంటాం, లేదంటే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవడమే. అంగట్లో పది రకాల సబ్బుల మధ్య మాది గుర్తుపట్టాలంటే ఒక పేరు, ఒక బొమ్మ ఉండాలి. అక్క మొగుడైన మా బావ బొగ్గు కోసే మనిషే గాని బొమ్మలు బాగా గీస్తాడు. ఆ పని తనకు వదిలెయ్యమన్నాడు. వదిలేశాను. అప్పటినుంచి నాకు తలనొప్పే.

“నల్లబంగారం అని పేరు పెడుదాం” అన్నాడు.

“బట్టలు తెల్లగ చేసే సబ్బుకు నల్ల పేరేంది బావా? నవ్వుతరు.”

“నవ్వనియ్. నవ్వినోళ్ళు పేరు మరువరు.”

నేను హంస బొమ్మ వెయ్యమన్నాను. ఆయన బాయి మీద తిరిగే పెద్ద ఇనుప చక్రం వేశాడు, పనివాళ్ళను కిందికి దించే తాడు చుట్టుకునేది. “హంసను ఈడ ఎవ్వలు చూసిన్రే? పొద్దున లేస్తే మన కండ్లకు ఆనేది గీ చక్రమే.” అదీ ఎక్కడ గీశాడు? నేను సున్నం వేసిన గోడ మీద, బొగ్గు ముక్కతో. ఒక కన్ను మూసి చూస్తాడు, చెరిపేస్తాడు, మళ్ళీ గీస్తాడు. పోసిన చాయ చల్లారిపోతే వేడి చెయ్యమంటాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆ చక్రాన్నే టేకు చెక్క మీద అచ్చు చెక్కి ఇచ్చాడు. సబ్బుల మీద ఒత్తుకుని అంగడికి పోయాను. మొదటి ఆమె ఒక బిళ్ళ చేతిలోకి తీసుకుని బొమ్మ చూసింది.

“గిది కంపిని సబ్బు గదా. మా ఇంటాయనకు ఊకెనే ఇస్తరు. నువ్వెట్ల అమ్ముతున్నవ్?”

నేను వండానంటే నమ్మలేదు. బాయి చక్రం కనబడితే అది బొగ్గు కంపెనీ వస్తువే అనుకోవడం ఇక్కడి వాళ్ళకు అలవాటు. స్టోరులోంచి ఎత్తుకొచ్చిన సరుకని మధ్యాహ్నానికల్లా అంగడంతా పాకింది. ఒక్క బిళ్ళ ముట్టినవాళ్ళు లేరు. గంప అలాగే నెత్తిన పెట్టుకుని, సిగ్గుతో తల దించుకుని ఇంటికొచ్చాను.

“నన్ను దొంగను చేసినవ్ బావా” అన్నాను.

ఆయన గంపలోంచి ఒక బిళ్ళ తీసి చక్రం మీద వేలు తిప్పాడు. తర్వాత, “చక్రం కంపినీది ఎట్లయితదే? దాని కింద దిగేటోనిది గాదా?” అన్నాడు.

ఇప్పుడు తలచుకుంటే ఆ మాటకు గుండె కలుక్కుమంటుంది. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. నా పిల్లలకు బువ్వ కావాలి, ఆయనకేమో చక్రం కావాలి. అచ్చు మార్చకపోతే సబ్బు మానేస్తానన్నాను.

మర్నాడు డ్యూటీ దిగి, మసి మొహంతోనే వచ్చి గడపలో కూర్చున్నాడు. నేను పలకరించలేదు, చాయ పెట్టలేదు, బట్టలు ఉతుక్కుంటూనే ఉన్నాను. ఆయన ఒక కన్ను మూసి నా చేతులకేసి చూస్తూ గీశాడు. బట్ట పిండుతున్న రెండు చేతులు, అంతే. పేరు కూడా లేదు. దాన్నే అచ్చు చెక్కి ఇచ్చాడు. ఆ అచ్చుతో అంగడికి పోయినప్పుడు ఒక ముసలవ్వ బిళ్ళను తిప్పి తిప్పి చూసి, “గీ చేతులు నా చేతుల లెక్కనే ఉన్నయి బిడ్డా” అని తీసుకుంది. ఆ తర్వాత అందరూ ‘చేతుల సబ్బు’ అనే అడిగారు. ఈ రోజుకీ మేం ఇక్కడే ఉన్నామంటే ఆయన గీసిన గీతల పుణ్యమే.

ఆయనకు మాత్రం తృప్తి లేదు. “నీ సబ్బు నడిచింది గని నా బొమ్మ నడువలే” అనేవాడు. అచ్చు అరిగి కొత్తది చెక్కిన ప్రతిసారీ ఒక మూల చిన్న చక్రం దూర్చేవాడు. నేను కత్తితో గీకేసేదాన్ని. నెల కింద కూడా దీని మీదే మాటా మాటా అనుకున్నాం.

పదో రోజు దాటాక అక్క ఆయన డ్యూటీ బట్టలు తెచ్చి నా ముందు పెట్టింది. “ఎవలకన్న ఇయ్యాలె. ఉతికియ్యవే, నాతోని అయితలేదు” అంది. కొత్త బిళ్ళ తీశాను. కాలరు మీద నాలుగుసార్లు రుద్దేసరికే చేతుల బొమ్మ చెరిగిపోయింది. ఎవరింట్లోనైనా అంతేగా, ఒక్క ఉతుకు. ఇన్నేళ్ళు కొట్లాడుకున్నది దీనికోసమా అని ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది. ఆ కోపంతోనే రుద్దాను. నీళ్ళు పారబోసి కొత్తవి పోశాను, అవీ నల్లబడ్డాయి. బిళ్ళ వేలంత అయింది. చొక్కా పిండిన ప్రతిసారీ నా వేళ్ళ సందుల్లోంచి నల్లనీళ్ళు కారుతూనే ఉన్నాయి.